గేటు ముందు జనరేటరు

శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, అమ్మవారికి దీపం పెట్టి, ఆ రోజుకు చేయాల్సిన పని ఒక్కటే అనుకున్నాడు బసవపున్నయ్య. ట్రాలీ ఆటోలో జనరేటరు వస్తుంది. దాన్ని దింపించి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒకసారి నడిపి చూసుకుని, టిఫిన్ వేళకు లోపలికి వచ్చేయాలి. ఎరువుల కొట్టు నడిపినన్నాళ్ళూ ఇంతకంటే పెద్ద పనులే చక్కబెట్టినవాడు కనుక, ఇందులో చిక్కేముంటుందో ఆయనకు తోచలేదు.

మధ్య గదిలో మంచం మీద సుబ్బరత్నం తలగడలకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకు సన్నటి గొట్టం. మంచం పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుమంటూ, మధ్యమధ్య బుస్సుమని నిట్టూరుస్తూ ఉంది. ఏడాదిగా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆ మిషనే. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయనీ, ఇక మెత్తబడవనీ డాక్టరు బసవపున్నయ్యను పక్కకు పిలిచి చెప్పాడు. పక్కకు పిలిచాడే కానీ తలుపు మూయలేదు. సుబ్బరత్నం అంతా విన్నది. విన్నట్టు ఆమె చెప్పలేదు, విన్నదని తెలిసినట్టు ఆయనా చెప్పలేదు.

"ఇంత సంబరం మన పెళ్ళికి కూడా పడలేదు మీరు," అంది, ఆయన పళ్ళెంలో పసుపూ కుంకుమా సర్దుకోవడం చూసి.

"పెళ్ళప్పుడు కరెంటు పోద్దన్న భయం లేదుగా."

"అప్పుడు మా ఊళ్ళో కరెంటే లేదు. పెట్రోమాక్సు లైట్లు పెట్టారు. అందుకే మీ మొహం సరిగా కనపడలా."

నవ్వబోయింది. నవ్వు సగంలోనే దగ్గయింది. ఆ దగ్గు తగ్గేదాకా ఆయన పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇంట్లో ఇన్వర్టరు ఉంది కానీ దాని బ్యాటరీ ముసలిదైపోయింది. మిషను నడుస్తుంటే గంటకే కీచుమంటుంది. బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ జనం రోజుల తరబడి చీకట్లో ఉండడం ఆయన కళ్ళారా చూశాడు. ఇప్పుడు మళ్ళీ బంగాళాఖాతంలో వాయుగుండమని టీవీలో చెప్తున్నారు. అందుకే ముందురోజు వన్ టౌన్ వెళ్ళాడు.

కొట్టు యజమాని కిరణ్‌కుమార్ మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "లోడు ఏంటండీ?" అని అడిగాడు.

"మా ఆవిడ," అన్నాడు బసవపున్నయ్య.

కిరణ్‌కుమార్ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. ఆక్సిజన్ మిషను, ఒక ఫ్యాను, ఒక లైటు అని తెలిశాక పెద్దవాటిని వదిలేసి మూలనున్న చిన్నదాన్ని ముందుకు లాగాడు.

"డీజిల్‌ది వద్దండి, వీధంతా అదిరిపోద్ది. ఈ పెట్రోలుది చాలు. ఇట్టాంటి మిషన్లకి కరెంటు ఎగుడుదిగుడు లేకుండా ఇచ్చిద్ది. మిషను మొదలయ్యేటప్పుడు కాస్త ఎక్కువ లాగుద్ది, దానికీ సరిపోద్ది. మెయిన్ లైనుకి మాత్రం కలపమాకండి, గదిలోకి విడిగా వైరు లాక్కోండి. పని అవగానే ఈ పెట్రోలు మీట మూసేయండి. ఇంకొక్క మాట బాబాయ్‌గారూ, ఇంట్లో పెట్టొద్దు. వరండాలో కూడా వద్దు. దీని పొగలో విషం ఉంటది, వాసన తెలీదు. నిద్రలోనే పోతారు మనుషులు. ఆరుబయట, కిటికీలకి దూరంగా పెట్టండి. తడవనివ్వమాకండి."

బసవపున్నయ్య అన్నిటికీ తలూపాడు. దేవుడి గదిలో శ్లోకం నేర్చుకున్నట్టు ఆ మాటలన్నీ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ గుణదల చేరాడు. తర్వాత జరిగిన దానికంతటికీ కారణం ఆ మాటల్లో ఒక్కటి కూడా తప్పకపోవడమే.

జనరేటరు వచ్చింది. వరండా వద్దన్నారు. ఇంటి పక్క సందులో పెడదామంటే ఎదురుగా పక్కింటి రాజ్యలక్ష్మి వంటింటి కిటికీ. వాకిట్లో పెడదామంటే మధ్య గది కిటికీ. చివరికి గేటు బయట, వీధి అంచున పెట్టించాడు. పెట్టిన కాసేపటికే చినుకు మొదలైంది. తడవనివ్వొద్దన్నారు. అన్న కొడుకు పవన్‌కుమార్‌కు పక్క వీధిలో టెంట్ హౌస్ ఉంది.

"ఒరేయ్, ఇంటి ముందర చిన్న షామియానా ఒకటి వేయించరా."

"అట్టాగే బాబాయ్," అన్నాడు పవన్‌కుమార్. ఫోను పెట్టేసి, ఇంటి ముందు షామియానా ఎందుకా అని ఒక్క క్షణం ఆలోచించి, పిన్ని గుర్తొచ్చి, అడగడానికి నోరు రాక ఊరుకున్నాడు.

రంగు షామియానాలన్నీ పెళ్ళికి వెళ్ళాయట. మనుషులు తెల్లది తెచ్చి వేశారు. రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు కూడా దించారు.

"కుర్చీలెందుకయ్యా?"

"షామియానా అంటే కుర్చీలుంటాయి కదండీ," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, చాలా మెత్తగా. ఆ మెత్తదనం ఎందుకో బసవపున్నయ్యకు అర్థం కాలేదు. ఈ మధ్య పనివాళ్ళు మర్యాద నేర్చుకున్నారని సంతోషించాడు.

పూజకు పూలు మరిచిపోయాడు. చెప్పులు లేకుండా, పంచె ఎగ్గట్టి, భుజాన తువ్వాలుతో వీధి చివరికి నడిచాడు. చిన్న దండలు అయిపోయాయి. నిలువెత్తు చామంతి దండ ఒకటే మిగిలింది, అదే తెచ్చాడు. జనరేటరుకు నాలుగు వైపులా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దండ వేసి, అరటిపండుకు అగరొత్తులు గుచ్చి, కర్పూరం వెలిగించి కొబ్బరికాయ కొట్టాడు. తడి గాలికి కర్పూరం పొగంతా కళ్ళల్లోకి కొట్టి, నీళ్ళు ధారగా కారాయి. తువ్వాలుతో తుడుచుకుంటూ చేతులు జోడించి, "తల్లీ, దీని అవసరం రాకుండా చూడు," అని దండం పెట్టుకున్నాడు. అవసరం రాకూడదంటే మరి కొనడం ఎందుకని ఒక సందేహం వచ్చింది. అమ్మవారికి అలాంటి సందేహాలు ఉండవులే అనుకున్నాడు.

బెజవాడలో ఎవరైనా పోతే ముందుగా వచ్చేది ఫ్రీజర్ బాక్సు. దానికి తోడు, మధ్యలో కరెంటు పోతే ఎలాగని, గేటు దగ్గర ఒక జనరేటరు. తర్వాత షామియానా, ఆపైన కుర్చీలు, దండలు. ఈ వరస అక్కడ అందరికీ తెలుసు. ఆ పొద్దున దాన్ని మరిచిపోయినవాడు బసవపున్నయ్య ఒక్కడే.

డాబా మీద బట్టలు తీయడానికి వచ్చిన రాజ్యలక్ష్మి కిందికి చూసింది. తెల్ల షామియానా, కుర్చీలు, జనరేటరు, అగరొత్తుల పొగ, చెప్పుల్లేని కాళ్ళతో కళ్ళు తుడుచుకుంటున్న పెద్దమనిషి. బాక్సు కనపడలేదు కానీ, లోపలికి తీసుకెళ్ళి ఉంటారు. అలాంటి సమయంలో ఏమైందని అడగడం మర్యాద కాదు. ఆమె మర్యాద గల మనిషి. కిందికి వెళ్ళి, ఏడ్చి, మొహం కడుక్కుని, వీధి వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టింది. తర్వాత తన పుట్టింటి ఊరికి ఫోన్ చేసింది. కంకిపాడు పక్కనున్న ఆ ఊరే సుబ్బరత్నం పుట్టిల్లు కూడా.

ఆ ఊళ్ళో సుబ్బరత్నానికి ఒక తమ్ముడున్నాడు, వెంకటప్పయ్య. తల్లి చిన్నప్పుడే పోతే ఆమే పెంచింది. తన కూతురు ప్రత్యూష పెళ్ళికి సుబ్బరత్నం స్వయంగా వెళ్ళి మరదలికి బొట్టు పెట్టి పిలవలేదు. శుభలేఖ పవన్‌కుమార్‌తో పంపింది. "బొట్టు పెట్టి పిలవని ఇంటి గడప తొక్కను. పిలుపు లేకుండా వస్తే చావుకే వస్తాను," అని ఆనాడు వెంకటప్పయ్య అన్నాడు. మాట మీద నిలబడ్డాడు. ఆ రోజుల్లోనే ఆమెకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పెళ్ళి పెట్టుకుని జబ్బు మాట బయటపెట్టడం ఇష్టంలేక దాచింది. తర్వాత చెబుదామనుకునేసరికి, జాలి కోసం చెప్పుకున్నట్టు ఉంటుందని మానేసింది. బసవపున్నయ్య ఒకసారి వెళ్ళి చెప్పబోతే వెంకటప్పయ్య చేలోకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆమె కొండమీద అమ్మవారిని అడిగేది ఆరోగ్యం కాదు. వాడు ఒక్కసారి వస్తే చాలు.

గేటు దగ్గర బసవపున్నయ్య తాడు లాగాడు. మూడో లాగుడుకు జనరేటరు అందుకుంది. గదిలోకి లాగిన వైరుకు లైటు పెడితే వెలిగింది. చంటిపిల్ల తొలిసారి నవ్వితే చూసినంత సంబరంగా చూస్తూ ఉండగా, వీధిలో పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

జనరేటరు చూడడానికి ఇంతమంది వస్తారని ఆయన అనుకోలేదు.

"మంచిదే దొరికిందండి," అన్నాడు, గొంతు పెంచి. "సౌండు కూడా పెద్దగా లేదు."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన లేచి భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండండి, బసవపున్నయ్యగారూ."

"ఇక ధైర్యమేనండి. ఇన్నాళ్ళూ రోజూ భయపడి చచ్చాను."

ఆయన మతి చలించిందని అందరికీ రూఢి అయింది. ఎవరో కనబడకుండా కళ్ళు తుడుచుకున్నారు. అంతలో రాజ్యలక్ష్మి మూత పెట్టిన గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"రెండు ఇడ్లీలు తినండి, బావగారూ. మీ ఇంట్లో ఇవాళ పొయ్యి వెలిగించకూడదు కదా."

"ఎందుకు వెలిగించకూడదమ్మా?" అని మూత తీస్తూ అడిగాడు. అడిగాక తల ఎత్తాడు. తెల్ల షామియానా చూశాడు. కుర్చీలు చూశాడు. చామంతి దండ చూశాడు. గిన్నె కుర్చీలో పెట్టేశాడు. జనరేటరు ఆపి, చెప్పినట్టే పెట్రోలు మీట మూసి, లోపలికి పరుగెత్తాడు.

సుబ్బరత్నం ఒళ్ళో ఆయన ఫోను పెట్టుకుని కూర్చుని ఉంది.

"రత్నం, ఘోరం జరిగిపోయింది. బయట వాళ్ళంతా నువ్వు..."

"పోయానంటున్నారు. తెలుసు. ఇందాక వీధి చివరి సంపూర్ణమ్మ వదిన ఫోన్ చేసింది. ఏడుస్తా, సుబ్బరత్నం ఎప్పుడు పోయిందమ్మా అని అడిగింది. ఇంకా పోలేదు వదినా, నీకెవరు చెప్పారన్నాను. అంతే, కెవ్వుమని ఫోను పెట్టేసింది. పాపం, ఆవిడకి గుండె జబ్బు. ప్రత్యూషకి మాత్రం నేనే చేసి చెప్పాను, ఎవరేమన్నా కంగారు పడొద్దని."

"ఇప్పుడే వెళ్ళి అందరికీ నిజం చెప్పేస్తాను."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం మిగిలి ఉందని ఆయనకు తెలియదు.

"రాజ్యలక్ష్మి మా ఊరికి ఫోన్ చేసి ఉంటది. చెయ్యకుండా ఉండదు. వాడు బయల్దేరి ఉంటాడండీ. కాసేపు ఆగండి. వాడొచ్చేదాకా."

"ఇవాళ శుక్రవారం. అబద్ధమాడమంటావా?"

"ఎవరైనా అడిగారా మిమ్మల్ని, నేను పోయానా అని? అడిగితే నిజమే చెప్పండి. అడక్కపోతే మీ తప్పేముంది?"

బసవపున్నయ్య దేవుడి పటం వైపు చూశాడు. అక్కడ నుంచి అవుననీ కాదనీ రాలేదు. పద్ధతిగా అడిగితే ఇన్నేళ్ళూ ఇవ్వని వరం, ఇలా అప్రతిష్ఠగా ఇస్తుందా తల్లి అనిపించింది. ఇచ్చేటప్పుడు పద్ధతి చూడడం మనకే కానీ ఆమెకు లేదేమో.

బయటికి వెళ్ళి కూర్చున్నాడు. ఆడవాళ్ళు హాల్లో చేరి, ఉక్కపోతకు ఫ్యాన్లన్నీ వేశారు. తలుపు వెనక మిషను గుర్రు వాళ్ళకు ఫ్రీజర్ బాక్సు చప్పుడులాగే వినిపించింది. లోపలికి వెళ్ళి చూస్తామన్నారు.

"వాళ్ళ తమ్ముడు వచ్చేదాకా తలుపు తీయొద్దు," అన్నాడు. అది నిజమే.

అందరికీ అది సబబుగానే తోచింది. ముత్తైదువకు పుట్టింటి చీర రాకుండా చూడ్డం ఏమిటి? ఇంత దుఃఖంలోనూ ఆయన ఆచారం మరవలేదని మెచ్చుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరి మర్యాదకూ మనసులో దండం పెట్టుకుంటూ, ఆకలికి ఆగలేక ఇడ్లీలు తిన్నాడు. తింటున్న మనిషిని చూసి ఇద్దరు ఏడ్చారు.

మధ్యాహ్నం కావస్తుండగా గాలి పెరిగింది. గేటు ముందు ఆటో ఆగింది. వెంకటప్పయ్య దిగాడు, చేలోంచి నేరుగా వచ్చినట్టు మోకాళ్ళ దాకా బురద. వెనక అతని భార్య నాగమల్లేశ్వరి. ఆమె చేతిలో పళ్ళెం, అందులో పసుపు, కుంకుమ, గాజులు, ఎర్రంచు పచ్చ పట్టుచీర.

గేటు దగ్గరే అతని కాళ్ళు ఆగిపోయాయి.

"పిలవకుండా రానన్నాను బావా. ఇట్టా పిలుస్తదనుకోలా," అన్నాడు. అంత పెద్ద మనిషి, జనరేటరు మీద చెయ్యి ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

బసవపున్నయ్య నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఏడుపు వచ్చింది. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి, మధ్య గది తలుపు తోశాడు.

మంచం మీద సుబ్బరత్నం జుట్టు దువ్వుకుని, బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇప్పుడా రావడం? బురద కాళ్ళు కడుక్కోలేదేరా?"

హాల్లో ఒక కేక. వరండాలో రెండు. రాజ్యలక్ష్మి గోడకు చేరబడి అలాగే కిందికి జారి కూర్చుంది. వెంకటప్పయ్య మంచం పట్టె పట్టుకుని, అక్క మొహం చూసి, ముక్కుకున్న గొట్టం చూసి, ఆ గొట్టం వెంబడి మిషను దాకా చూశాడు.

"ఇదేంటక్కా? ఎప్పట్నించీ?"

"నీ మేనకోడలి పెళ్ళప్పట్నించీ. బొట్టు పెట్టడానికి వద్దామనే అనుకున్నా. బస్టాండు దాకా కూడా నడవలేకపోయానురా."

అతను ఆమె పాదాల మీద తల ఆనించాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఇన్వర్టరు అందుకుంది. కానీ పరామర్శకు వచ్చినవాళ్ళు వేసిన ఫ్యాన్లన్నీ దాని మీదే పడ్డాయి. కాసేపు కీచుమని, ఆగిపోయింది. మిషను నిట్టూర్పు మధ్యలో నిలిచిపోయి గట్టిగా కూత పెట్టింది. సుబ్బరత్నం పెదవులు తెరుచుకున్నాయి. ఛాతీ ఎగసిపడుతోంది.

బసవపున్నయ్య మిషను ప్లగ్గు తీసి జనరేటరు వైరుకు గుచ్చి, గేటుకు పరుగెత్తాడు. తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. దండ చేతికి చుట్టుకుంది. పసుపు చేతులు జారుతున్నాయి. పెద్దమనుషులు చుట్టూ చేరి తలా ఒక సలహా చెబుతున్నారు. ఇంకోసారి దండం పెట్టమని కూడా ఎవరో అన్నారు.

"లే బావా!" వెంకటప్పయ్య ఆయన్ని పక్కకు నెట్టాడు. కాలవ గట్టున ఇంజను తిప్పిన చెయ్యి అది. దండ తెంపి విసిరేసి, వంగి చూశాడు. "పెట్రోలు మూసిపెట్టి తాడు లాగితే ఎట్టా స్టార్టయిద్ది?"

మీట తిప్పి ఒక్క లాగు లాగాడు. జనరేటరు అందుకుంది. లోపల కూత ఆగి, మిషను బుస్సుమంది. వీధి వీధంతా ఊపిరి పీల్చుకుంది.

చాలాసేపటికి సుబ్బరత్నం మొహం తేటపడింది. మొదటి మాటగా, "చీర ఏదీ?" అంది.

నాగమల్లేశ్వరి పళ్ళెం వెనక్కి దాచుకుంది. "అది వద్దు వదినా. అది... దానికి తెచ్చింది. కట్టుకోకూడదు, అశుభం. కృష్ణలో వదిలేస్తాం."

"నాకు తెచ్చిందేగా? ఆ రోజు కడితే రంగేంటో అంచేంటో నేను చూసుకుంటానా? ఇటివ్వు మల్లేశ్వరీ. ముందు దగ్గరికి రా, నీకు బొట్టు బాకీ ఉన్నా."

పళ్ళెంలోని కుంకుమే తీసి మరదలి నుదుట పెట్టింది. చెయ్యి వణికి బొట్టు కాస్త పక్కకు పోయింది. ఎవరూ సరిచేయలేదు. ఆ సాయంత్రం ఆ చీరలోనే కూర్చుని తమ్ముడి చేత కాఫీ తాగించుకుంది. "ఆ రోజుకి ఇంకోటి తేవాలిరోయ్. ఇది లెక్కలోకి రాదు," అంది. "తేను," అన్నాడు వెంకటప్పయ్య. "నువ్వు పోవడానికి వీల్లేదు."

వాకిట్లో రాజ్యలక్ష్మి అందరి ముందూ చెంపలు వేసుకుంది. "ఇకమీదట నా కళ్ళతో చూసినా సరే, నోరు తెరిచి అడక్కుండా నమ్మను బావగారూ," అంది.

ఆ తర్వాత వెంకటప్పయ్య ప్రతి ఆదివారం వచ్చాడు. అరటిపళ్ళు తెచ్చాడు, కొత్త బియ్యం తెచ్చాడు, జనరేటరును నడిపి చూసి, పసుపు తుడిచి వెళ్ళేవాడు. బసవపున్నయ్య మళ్ళీ రాసేవాడు. తుఫాను వచ్చి వెళ్ళింది. కరెంటు రోజంతా పోయినప్పుడు కూడా ఆ గదిలో మిషను ఆగలేదు.

మాఘమాసంలో ఒక తెల్లవారుజామున సుబ్బరత్నం పోయింది. కరెంటు ఉంది, మిషను నడుస్తూనే ఉంది. ఆమె ఆగిపోయింది. అవసరం రాకుండా చూడమని తాను అడిగిన వరం అమ్మవారు ఇప్పుడు గుర్తు తెచ్చుకుందేమోనని బసవపున్నయ్య అనుకున్నాడు. మిషను కట్టేయడానికి మాత్రం చాలాసేపు చెయ్యి రాలేదు.

బావమరిదికి ఫోన్ చేశాడు. వెంకటప్పయ్య ఏమీ అడగలేదు. "చీర తీసుకుని వస్తన్నా బావా," అన్నాడు.

హైదరాబాదు నుంచి ప్రత్యూష రావాలి కనుక ఫ్రీజర్ బాక్సు కావాలన్నారు. తెల్లగా తెల్లవారేసరికి బాక్సును లోపలికి చేర్చి, దాని మనుషులు తమ జనరేటరును గేటు ముందు దింపుతున్నారు. బసవపున్నయ్య చెప్పులు లేకుండా పక్కన నిలబడి ఉన్నాడు. చెట్లకు నీళ్ళు పోయడానికి డాబా మీదికి వచ్చిన రాజ్యలక్ష్మి కిందికి చూసి, చిన్నగా నవ్వింది.

"ఏంటి బావగారూ, ఇంకోటి కొన్నారా?"

ఆయన తల ఎత్తి చూశాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఇది అద్దెది."